ఆవరణలో ఘాట్ రోడ్డు

సంచార పశు ఆరోగ్య సేవల విభాగంలో ప్రతి బండికీ ఒక లాగ్ బుక్కు ఉంటుంది. అందులో ప్రతి పేజీ చివరా 'గమనించిన లోపములు' అని ఒక గడి. విభాగం పుట్టినప్పటి నుంచి డ్రైవర్లందరూ ఆ గడిలో 'లేవు' అనే రాస్తూ వచ్చారు. బండి దారిలో ఆగిపోయి నలుగురు తోసుకుంటూ తెచ్చిన రోజున కూడా 'లేవు' అనే రాశారు. దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. లోపముంటే డ్రైవరే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి బాగు చేయించుకునేవాడు. పుస్తకం మటుకు శుభ్రంగా ఉండేది.

ఆ వేసవిలో పైనుంచి 'నిజాయితీ పక్షోత్సవాలు' జరపమని సర్క్యులరు దిగింది. గేటుకు బ్యానరు కట్టారు. అందరి చేతా ప్రతిజ్ఞ చేయించారు. నిజాయితీ మీద వక్తృత్వ పోటీ పెడితే సూపరింటెండెంటుకు మొదటి బహుమతి వచ్చింది. ఆయన ఆ కప్పు ఇంట్లో పెట్టి, మర్నాడు జ్వరమని సెలవు చీటీ పంపి, మేనల్లుడి పెళ్ళికి వెళ్ళిపోయాడు. సర్క్యులరును ఎలా తీసుకోవాలో ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియనివాడు ఒక్క డ్రైవరు గవరయ్యే. పాపం, ఆయన దాన్ని నమ్మాడు.

గవరయ్య నడిపేది ఒక పాత డీజిల్ పికప్. పంతొమ్మిదేళ్ళ కిందట ఏదో విదేశీ ప్రాజెక్టు వాళ్ళు తెచ్చి, పని అయిపోయాక ఇక్కడే వదిలేసి వెళ్ళారు. దానికి క్లచ్చు ఉండదు. గేర్లు తనంతట తనే మార్చుకుంటుంది. జిల్లాలో అలాంటి బండి మరొకటి లేదు. దాన్ని చూసి మిగతా డ్రైవర్లు ఆమడ దూరం పోతారు గానీ, గవరయ్యకు అదంటే ప్రాణం. పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నాడు. ఇంజన్ చప్పుడు వింటే దానికేం కావాలో చెప్పగలడు.

ఒక శుక్రవారం ఆయన డాక్టర్ నళినిని ఎక్కించుకుని కొండ మీది జీలుగుగరువుకు బయల్దేరాడు. వెనకాల ఐసు పెట్టెలో చిటుకు రోగం టీకాలు. తొలకరి పడి లేత గడ్డి మొలిచిందంటే, ఆ గడ్డి ఆబగా మేసిన మేకలకు ఈ రోగం తగులుతుంది. సాయంత్రం గెంతులేసిన మేక తెల్లారేసరికి కాళ్ళు చాపేస్తుంది. వైద్యానికి వ్యవధి ఉండదు. టీకా అనేది గడ్డి మొలవక ముందే పడాలి. జీలుగుగరువులో నూటయాభై మేకలున్నాయి. అక్కడి వాళ్ళకు పొలం అంటే అవే, బ్యాంకు అంటే అవే.

ఘాట్ రోడ్డు నాలుగో మలుపు దగ్గర పొగమంచు కమ్మింది. గవరయ్య లైట్లు వేశాడు. వేయగానే బండికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. గేరు మూడు నుంచి రెండుకు దూకింది, రెండు నుంచి మూడుకు ఎగిరింది, మళ్ళీ దూకింది. నళిని రెండు చేతులతో డ్యాష్ బోర్డు పట్టుకుంది.

"ఏమైంది గవరయ్య గారూ?"

"ఉండండి డాక్టరమ్మా, ఏటో తిక్క సేత్తంది. సూత్తాను."

ఆయన లైట్లు ఆర్పాడు. ఎక్కిళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ మొదలు. దిగి బానెట్ ఎత్తి, గేర్ ఆయిల్ పుల్ల లాగి చూశాడు. ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు, కొలత సరిగ్గా ఉంది. గేరు పెట్టెలో తప్పు లేదన్నమాట. మెకానిక్కు మస్తాన్ వలీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"లైటేత్తే గెంతుతుందా? అయితే ఎర్త్ వైరు పట్టు వదిలేసింది బావా," అన్నాడు మస్తాన్. "ఏక్సిలేటరు ఎంత తొక్కేవో గేరు పెట్టెకి సెప్పే తీగ ఒకటుంటాది. ఎర్త్ సరిగ్గా లేకపోతే, లైట్లేసినప్పుడు ఆ తీగ అబద్ధం సెప్తాది. దాన్ని నమ్మి గేరు పెట్టె గెంతుతాది. రేపు పొద్దున్న తీసుకురా. నీ టీ సల్లారేలోపల తుప్పు గీకి బిగించేత్తాను."

మంచులో లైట్లు లేకుండా ఘాట్ ఎక్కడం ప్రాణాలతో చెలగాటం. రేపు బాగు చేయించుకుని ఎల్లుండి వద్దామనుకుని వెనక్కి తిరిగారు. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది. ఆఫీసుకు వచ్చాక గవరయ్య లాగ్ బుక్కు తీశాడు. గేటు మీది బ్యానరు వంక చూశాడు. ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. 'గమనించిన లోపములు' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: 'బరువుతో, ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా, నాలుగో మలుపు వద్ద, పొగమంచులో లైట్లు వేసినప్పుడు, గేర్లు వాటంతట అవే గెంతుచున్నవి. ఎర్త్ వైరు చూడవలెను.'

విభాగం చరిత్రలో ఆ గడిలో సిరా పడి అంత పెద్ద వాక్యం కావడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న గవరయ్య వచ్చేసరికి బండి చుట్టూ తాడు కట్టి ఉంది. బానెట్ మీద ఎర్రటి లక్క సీలు. పక్కనే స్టూలు వేసుకుని వాచ్‌మన్ నారాయుడు కూర్చుని ఉన్నాడు.

"ఇదేట్రా?"

"ముట్టుకోకు మావా. లోపాన్ని కాపలా కాయమన్నారు. రాత్రింబగళ్ళు నాదే డూటీ."

గవరయ్య పరుగున వెళ్ళి విభాగాధిపతి పరాంకుశరావు గారి ముందు నిలబడ్డాడు. నళిని అప్పటికే అక్కడ ఉంది. పరాంకుశరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, చాలాకాలానికి తనకు తగిన పని దొరికిన మనిషిలా ప్రశాంతంగా ఉన్నారు.

"గవరయ్యా, నీ నిజాయితీ శ్లాఘనీయం," అన్నారాయన. "ఇక మిగతాది నిబంధనలు చూసుకుంటాయి. లోపము నమోదైన వాహనము, సదరు లోపము నిర్ధారణ అగువరకు ఆవరణ దాటరాదు. కమిటీ సభ్యులు స్వయముగా, కళ్ళారా వీక్షించినగాని లోపము నిర్ధారణ కాదు. అంతవరకు లోపమును ఉన్నది ఉన్నట్లు కాపాడవలెను."

"సార్, అది కొండెక్కితేనే కనబడతాదండి. ఆవరణలో ఎలాగ కనబడతాది?"

"అది కమిటీ చూసుకుంటుంది."

"మస్తాన్ టీ తాగేలోపల బిగించేత్తానన్నాడండి."

"దేన్ని బిగిస్తాడు? నిర్ధారణ కాని లోపాన్నా? లేనిదాన్ని బాగుచేయడం నేరం కాదూ?"

నళిని కలగజేసుకుంది. "సార్, టీకాలు వానలకు ముందే పడాలి. పోనీ, వేరే బండి ఇప్పించండి."

"లోపమున్న బండికి బదులుగా వేరే బండి ఇవ్వవచ్చునమ్మా. దీనికి లోపమున్నదని ఇంకా నిర్ధారణ కాలేదు కదా."

"అయితే ఇదే పంపండి."

"లోపము నమోదైన బండిని ఎట్లా పంపగలం? ప్రాణాలతో పని!"

టీకాల పెట్టె బస్సులో తీసుకెళ్తానని నళిని అంటే, విభాగం బండిలో తప్ప టీకాలు కదలరాదన్నారాయన. పరాంకుశరావు గారు గవరయ్య వాక్యాన్ని ఎర్ర సిరాతో ముక్కలు చేసి అంశాల పట్టిక తయారుచేశారు. బరువు ఒకటో అంశం. ఎక్కుట రెండు. మలుపు మూడు. పొగమంచులో లైట్లు నాలుగు. గేర్లు గెంతుట అయిదు. ఎర్త్ వైరు ఆరు. విభాగంలో ఒక సమావేశానికి ఒకటే అంశం చర్చించాలన్నది ఆచారం. సమావేశం వారానికి ఒక్కసారి.

"ఎర్త్ వైరు ముందు సూసేత్తే సరిపోద్ది కదండి?" అన్నాడు గవరయ్య.

"ఆరు తర్వాత ఒకటి వస్తుందా ఎక్కడైనా?" అన్నారు పరాంకుశరావు గారు.

ఒకటో సమావేశానికి సాంకేతిక సభ్యుడిగా జోగినాథం గారు వచ్చారు. ఆయన ఇరవై రెండేళ్ళు బోరు పంపుల విభాగంలో పనిచేసిన అనుభవశాలి. బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. నళిని మెడలో స్టెతస్కోపు అడిగి తీసుకుని, బానెట్ మీద, తలుపుల మీద, స్టెప్నీ మీద పెట్టి విన్నారు. సీలు ఉంది కనక బానెట్ తెరవడానికి వీల్లేదు.

"శ్వాస బాగానే ఉంది," అన్నారు.

"ఇంజన్ ఇంకా స్టార్టు సెయ్యలేదండి," అన్నాడు గవరయ్య.

"అందుకే అన్నాను, ప్రశాంతంగా ఉందని."

బరువు కోసం గుమాస్తాలను వెనకాల కూర్చోబెట్టారు. జోగినాథం గారు ఒప్పుకోలేదు. లోపం కనబడిన రోజున ఏ బరువు ఉందో ఆ యథార్థమైన బరువే ఉండాలన్నారు. కాబట్టి ఐసు పెట్టెలో టీకాలు నింపి వెనక కట్టారు, నళిని ముందు సీట్లో కూర్చుంది. గవరయ్య బండి స్టార్టు చేశాడు. బండి నిలబడిన చోటనే నిలబడి గుడగుడలాడింది. కమిటీ అరగంట రెప్ప వేయకుండా చూసింది. గేర్లు గెంతలేదు. 'బరువు వలన లోపము కానరాలేదు' అని రాసుకుని లేచారు. టీకాలు మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి.

ఆ వారం ఘాట్ దిగివచ్చే బస్సు కండక్టరు గవరయ్య దగ్గర ఆగాడు. "జీలుగుగరువు వంతల బుద్రి అడగమంది, టీకా బండి ఎప్పుడొస్తాదని. కొండ మీద వాన మొగులు పడతందంట."

"వచ్చేవారం అని సెప్పు," అన్నాడు గవరయ్య. బుద్రి ఆయనకు పద్నాలుగేళ్ళుగా తెలుసు. భర్త పోయాక మేకలు కాసుకుని ఇద్దరు ఆడపిల్లలను చదివించిన మనిషి. బండి వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు కంటే ముందు గవరయ్యకే అంబలి ఇస్తుంది. ఆమెకు మాట ఇచ్చి తప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

రెండో అంశం ఎక్కుట. ఆవరణ చదునుగా ఉంది. బండి బయటికి పోకూడదు. కొండ లోపలికి రావాలి. ఈ తర్కంలో తప్పు పట్టడానికి గవరయ్య చాలా ప్రయత్నించాడు గానీ ఎక్కడా పట్టు దొరకలేదు. పక్కన కొత్త సమావేశ మందిరం పునాదులకు తవ్విన మట్టి గుట్టలుగా పడి ఉంది. పరాంకుశరావు గారు శ్రమదానానికి పిలుపునిచ్చారు. నిజాయితీ పక్షోత్సవాలు అయిపోయి శ్రమదాన వారోత్సవాలు మొదలైన రోజులవి, కనక ఎవరూ కాదనలేకపోయారు. గుమాస్తాలు తట్టలు మోశారు. టైపిస్టులు నీళ్ళు చల్లారు. జ్వరం నుంచి కోలుకుని వచ్చిన సూపరింటెండెంటు గారు నీడన నిలబడి ఉత్సాహపరిచారు. వారం తిరిగేసరికి ఆవరణ మధ్య నలభై గజాల పొడవున ఎత్తయిన వాలు లేచింది. గవరయ్య దాని మీద బండి ఎక్కించాడు. గేర్లు ఒకటి, రెండు, మూడు, పెళ్ళి నడకలా మెత్తగా పడ్డాయి.

"ఎక్కుట వలన కూడా కానరాలేదు," అన్నారు జోగినాథం గారు, కొంచెం నిరాశగా.

"లైట్లు ఒక్కసారి ఏసి సూపిత్తానండి. ఒక్క నిమిషం," అన్నాడు గవరయ్య.

"లైట్లు నాలుగో అంశం," అన్నారు పరాంకుశరావు గారు. "నీవు రాసిన క్రమమే కదయ్యా. నీ క్రమాన్ని నీవే ఉల్లంఘిస్తావా?"

గవరయ్యకు తన గుండ్రటి అక్షరాల మీద అసహ్యం వేసింది. ముందు 'ఎర్త్ వైరు' అని రాసి ఉంటే ఒక్క వారంలో తేలిపోయేది కదా అని రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

మూడో అంశం మలుపు. నాలుగో మలుపు కావాలంటే దానికి ముందు మూడు ఉండాలి కనక నాలుగు మలుపులూ కట్టారు. జోగినాథం గారు దగ్గరుండి కొలతలు చూశారు. మలుపు మలుపుకీ 'ప్రమాదకరమైన మలుపు, హారన్ మోగించుము' అని బోర్డు పెట్టించారు. అంచున రాళ్ళు పాతి సున్నం కొట్టించారు. వాలు చివర, ఎక్కడైతే బండి తిప్పుకోవాలో అక్కడ, 'వ్యూ పాయింటు' అని రాయించారు. అక్కడి నుంచి చూస్తే సైకిల్ స్టాండు కనబడుతుంది. ఇదంతా పత్రికలో పడింది. పక్క జిల్లా అధికారులు బస్సు వేసుకుని వచ్చి, ఆవరణలో ఘాట్ రోడ్డు ఉన్న మొట్టమొదటి కార్యాలయమిదేనని మెచ్చుకుని, తమకూ ఒకటి మంజూరు చేయాలని పైకి రాసుకున్నారు. పరాంకుశరావు గారు కొబ్బరికాయ కొట్టి ప్రారంభోత్సవం చేశారు. బండి నాలుగు మలుపులూ తిరిగింది. ఏమీ కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్ల మధ్య కండక్టరు వచ్చి గవరయ్యను పక్కకు పిలిచాడు. "మొన్న కొండ మీద జల్లు పడింది. బుద్రి ఏడుస్తంది బావూ. గడ్డి మొలిచీసిందంట."

గవరయ్య వెంటనే నళిని దగ్గరికి వెళ్ళి చెప్పాడు. "టీకా ఇచ్చినా పని చేయడానికి రోజులు పడతాయి. ఇంకా ఆలస్యమైతే ఇచ్చి కూడా లాభం లేదు," అంది. ఇద్దరూ వెళ్ళి పరాంకుశరావు గారిని బతిమాలారు. ఆయన కఠినాత్ముడేమీ కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. నాలుగో సమావేశాన్ని బుధవారం నుంచి మంగళవారానికి జరిపి, నిబంధనలు ఇంతకంటే వంగవని చెప్పారు.

మంగళవారం వచ్చింది. నాలుగో అంశం పొగమంచులో లైట్లు. లైట్లున్నాయి, పొగమంచు లేదు. రోహిణి వెళ్ళినా ఎండ తగ్గలేదు. లైట్లు మటుకు వేసి చూద్దామని నళిని అంటే, అంశాన్ని సగానికి నరికితే సగం నిర్ధారణే వస్తుందని జోగినాథం గారు తేల్చేశారు. చివరికి ఉపాయం కూడా ఆయనకే తట్టింది. మున్సిపాలిటీ వాళ్ళ దోమల పొగ యంత్రాలు తెప్పించారు. ఒకటి చాలదని మూడు తెప్పించారు. కమిటీ నాలుగో మలుపు దగ్గర కుర్చీలు వేయించుకుని, అట్టలకు కాగితాలు తగిలించుకుని, ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని కూర్చుంది. యథార్థమైన బరువు ప్రకారం ఐసు పెట్టె నిండా టీకాలు ఎక్కించారు. నళిని తన సీట్లో కూర్చుంది.

మూడు యంత్రాలూ ఒక్కసారి భగ్గుమన్నాయి. తెల్లటి పొగ గుప్పుగుప్పున లేచి మొదటి మలుపును మింగింది, రెండోదాన్ని మింగింది, వ్యూ పాయింటును మింగింది, కమిటీని మింగింది. గవరయ్య లైట్లు వేసి యాక్సిలరేటరు తొక్కాడు. నాలుగో మలుపు దగ్గరకు వచ్చేసరికి బండి ఒక్కసారిగా ఎక్కిళ్ళు పెట్టింది. మూడు నుంచి రెండు, రెండు నుంచి మూడు, మళ్ళీ రెండు. ఆవరణ అంతా అదిరిపోయేలా గెంతింది.

"ఇదిగోనండి! గెంతుతంది! సూడండి!" అని గవరయ్య కిటికీలోంచి అరిచాడు. ఆయనకు పట్టరాని ఆనందం కలిగింది. లోపాన్ని చూసి అంత సంతోషపడిన డ్రైవరు ఇంకొకడు ఉండడు.

"ఏదీ?" పొగలోంచి దగ్గుతూ పరాంకుశరావు గారి గొంతు వచ్చింది. "మాకేమీ కనబడడం లేదే!"

"ఇనబడతంది కదండి! టకటకమని!"

"వినుట వేరు, కనుట వేరు. కళ్ళారా వీక్షించవలెనని నిబంధన. జోగినాథం గారూ, మీకేమైనా కనబడుతోందా?"

"నాకు మీరే కనబడడం లేదు సార్."

"అయితే రాసుకోండి. నాలుగో అంశం వలన కూడా లోపము కానరాలేదు. పొగమంచు ఎక్కువైనందున సమావేశం వచ్చే వారానికి వాయిదా."

గవరయ్య స్టీరింగు మీద తల ఆన్చాడు. మంచు లేకపోతే లైట్లు వేయనివ్వరు, మంచు ఉంటే లోపం కనబడదు. ఈ ముడి ఎన్ని వారాలైనా విడిపోదని ఆయనకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. రిటైరు కావడానికి రెండేళ్ళుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మెమో కూడా లేదు. భయమేసింది. బుద్రి మొహం గుర్తొచ్చి అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

పక్క సీట్లోంచి నళిని మెల్లగా అంది. "గవరయ్య గారూ, ఇంత పొగలో గేటు ఎటుందో తెలుస్తుందా మీకు?"

"కళ్ళు మూసుకున్నా తెలుస్తాదమ్మా."

"టీకాలు వెనకే ఉన్నాయి కదా?"

"ఉన్నాయమ్మా. యథార్థంగా."

ఆయన లైట్లు ఆర్పాడు. బండి మంచి పిల్లలా వాలు దిగి, సైకిల్ స్టాండు పక్కనుంచి తిరిగి, గేటు దగ్గరికి వచ్చింది. పొగలోంచి నారాయుడు గొంతు వినిపించింది.

"ఎవులది?"

"నానేరా, గవరయ్యని."

"లోపం బద్రమేనా మావా?"

"బద్రంగానే ఉంది."

నారాయుడు గేటు బారు ఎత్తాడు. లోపాన్ని కాపలా కాయమన్నారు గానీ, బండి గురించి ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు.

మస్తాన్ షెడ్డు ఊరి చివర ఉంది. గవరయ్య స్క్రూడ్రైవరు పెట్టి లక్క సీలు తానే పగలగొట్టాడు. ముక్కలు నేల మీద రాలాయి. మస్తాన్ బానెట్ లోకి వంగి, బ్యాటరీ దగ్గర్నుంచి కిందికి దిగిన నల్లటి వైరును వేలితో కదిపాడు. అది వదులుగా ఊగింది. కొస మీద పచ్చటి తుప్పు. ఉప్పు కాగితంతో గీకి, స్పానరు పెట్టి బిగించాడు.

"ఇంతేనా?" అంది నళిని.

"ఇంతేనమ్మా. దీనికే నెల్లాళ్ళు సమావేశాలెట్టీనారా?" అని మస్తాన్ చేతులు తుడుచుకున్నాడు. "టీ తాగుతావా బావా?"

"వచ్చినాక," అన్నాడు గవరయ్య.

అసలు ఘాట్ రోడ్డు మీద అసలు మంచు పడుతోంది. నాలుగో మలుపు దగ్గర గవరయ్య లైట్లు వేశాడు. గేరు రెండులో పడింది, మలుపు తిరిగింది, మెత్తగా మూడుకు మారింది. అంతే. అక్కడ కుర్చీలు గానీ, అట్టలు గానీ, చప్పట్లు గానీ లేవు. నళిని మటుకు తనలో తనే నవ్వుకుంది. ఆయనకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

జీలుగుగరువు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బండి చప్పుడు వినగానే జనం మేకల్ని తోలుకుని వచ్చారు. గవరయ్య చొక్కా చేతులు మడిచి, ఒక్కొక్క మేకను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పట్టుకున్నాడు. నళిని టీకా వేసి చెవి దగ్గర రంగు పూస్తోంది. ఎనభై దాకా అయ్యాక ఆయన జేబులో ఫోన్ మోగింది. పరాంకుశరావు గారు. గవరయ్య దాన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టాడు.

"గవరయ్యా! వాహనం ఎక్కడ?"

"జీలుగుగరువులో ఉందండి."

"లోపము ఎక్కడ?"

"పోయిందండి."

"ఎవరి అనుమతితో పోయినది?"

"మస్తాన్ వైరు బిగించినాడండి. అనుమతి అడగలేదండి."

"నీకు తెలుస్తోందా ఏం చేశావో? అయిదు, ఆరు అంశాలు ఇంకా మిగిలి ఉన్నాయి! సదరు లోపమును యథాస్థితికి తెచ్చి, రేపటి ఉదయంలోగా ఆవరణలో హాజరుపరచవలెను. లోపమును ఒక్కరైనా కళ్ళారా చూచినవారు లేకుండా ఈ ఫైలును నేను ఎట్లా మూయగలను?"

ఎదురుగా బుద్రి తన మేకల్ని తోలుకుని వచ్చి నిలబడి ఉంది. నళిని టీకా కార్డు తీసి మేకల్ని లెక్కపెట్టి, "పదకొండు," అని రాయబోయింది.

"పదమూడు రాయండమ్మా," అంది బుద్రి.

"పదకొండే ఉన్నాయి కదా?"

"రెండు తెల్లారగట్ల పోనాయి. రాయండి, ఏటవుద్ది. అయి కూడా మీ బండి కోసరమే సూసినాయి."

నళిని పెన్ను ఆగిపోయింది. గవరయ్య మోకాళ్ళ మధ్య మేక గింజుకుంటోంది. ఆయన దాన్ని వదల్లేదు, బుద్రి మొహంలోకి చూడలేకపోయాడు. ఫోన్‌లో పరాంకుశరావు గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. కళ్ళారా చూచినవారు ఒక్కరు, ఒక్కరున్నా చాలునంటున్నారు. గవరయ్య ఒక చేత్తో ఫోన్ తీసి బుద్రి చేతికిచ్చాడు.

"పెద్ద ఆపీసరు గారమ్మా. లోపాన్ని కళ్ళతో సూసినోల్లు కావాలంట."

బుద్రి ఫోన్‌ను చెవికి ఆనించుకుని కాసేపు విన్నది. ఆమె గొంతులో కోపం లేదు.

"సూసినాను బావూ," అంది. "ఒకటి దడి పక్కన పడుంది. ఒకటి సూడి మేక, అది గుమ్మంలోనే పడుంది. ఇంకా పాతలేదు. సాయంత్రం దాకా ఉంచుతాను, వచ్చి మీరూ సూసెల్లండి."

ఆమె ఇంకాసేపు పట్టుకుని చూసి, ఫోన్ గవరయ్య జేబులో పెట్టింది. తర్వాత వంగి, మిగిలిన వాటిలో పెద్ద మేకను కొమ్ములు పట్టి ఆయన ముందుకు లాక్కొచ్చింది.